తలుపు దగ్గరి గొంతు

అవి ఒకే ఇనుప కడ్డీకి బిగించిన కుర్చీలు. ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. ఆ చివర కూర్చున్న వదిన మోకాలు ఊపుకుంటుంటే ఈ చివర అక్క ఒళ్ళు కూడా సన్నగా ఊగుతోంది. ఆపమని చెప్పొచ్చు, కానీ చెప్పాలన్న పట్టింపు లేదు. ఎదురుగా గోడకు సగం ఎత్తు దాకా ముదురు రంగు, ఆపైన లేత రంగు. రెండూ కలిసే చోట గీత ఒకచోట కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కింది. రంగు వేస్తున్నవాడిని మధ్యలో ఎవరో పిలిచి ఉంటారు. విచారణ గది కిటికీకి తెర వేలాడుతోంది. తడి పూర్తిగా ఆరకముందే దాన్ని ఇస్త్రీ చేశారు, అంచు దగ్గర ముడత అలాగే బిగిసిపోయింది. ఇలాంటివి చూడటానికి పనికొస్తున్న కళ్ళు ఇంకేం చూడటానికీ పనికిరావడం లేదేమిటా అని అక్క అనుకుంది, అనుకుని ఊరుకుంది. చెల్లి పోయినప్పటి నుంచి ఇంతే. ఏదైనా అనుకోవడం దాకా వస్తుంది. అక్కడి నుంచి అది ఏడుపులోకీ పోదు, కోపంలోకీ పోదు. నీళ్ళు వదిలినా నురగ రాని సబ్బులా చేతిలో జారుతూ ఉంటుంది.

లాండ్రీలో ఆమెను అక్క అని మొదట పిలిచింది చెల్లే. అది విని దుప్పట్లు మడతపెట్టే ఆడవాళ్ళు, ట్రాలీలు తోసేవాళ్ళు, ఆమెకంటే వయసులో పెద్దదైన, అక్కడ అందరూ వదిన అని పిలిచే ఈవిడ కూడా అక్కా అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు అందరూ పిలుస్తున్నారు, పిలవాల్సిన మనిషి తప్ప. ఈ ఉదయం ఆ గదిలో అడగబోయేది ఒకటే మాట. దుప్పట్లు ఆరబెట్టే పెద్ద డ్రమ్ములోకి చెల్లి తనంతట తానే వెళ్ళిందా, ఎవరైనా పంపితే వెళ్ళిందా? తనంతట తానే, ఎవరికీ చెప్పకుండా, నిబంధన మీరి వెళ్ళిందని కంపెనీ అంటోంది. పంపిన మనిషి, లాండ్రీ సూపర్‌వైజర్, వరండా అవతలి గోడకు ఆనుకుని నిలబడి నీళ్ళ సీసా మూత బిగిస్తున్నాడు, వదులు చేస్తున్నాడు. కంపెనీ తరఫున గదిలో కూర్చోవలసింది కూడా అతనే. ఇందాక దగ్గరికొచ్చి, నీళ్ళు తాగుతారా అక్కా అని అడిగాడు. వద్దంది. పోనీ తర్వాత తాగండి అని సీసా ఆమె పక్క కుర్చీలో పెట్టి, కాసేపు చూసి, మళ్ళీ తనే తీసుకుపోయాడు.

సూపర్‌వైజర్‌ని వెనకాల అందరూ దూది అంటారు. అతను గొంతు పెంచగా ఎవరూ వినలేదు. మెత్తగా మాట్లాడతాడు, మెత్తగా నడుస్తాడు. వెనక వచ్చి నిలబడ్డాడని మెడ మీద చల్లగా తగిలితే గానీ తెలియదు. ఆ పేరు పెట్టింది చెల్లే. లోపల సూది ఉన్నా పైకి తెలియదు కదక్కా అంది, అని తన మాటకు తనే నవ్వి, నవ్వు ఆపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకుంది. చెల్లి ఉన్నన్నాళ్ళూ అతను అక్కని నువ్వు అనేవాడు, ఆ ట్రాలీ ఇటు తొయ్యి అనేవాడు. చెల్లిని సాగనంపి వచ్చిన రోజు నుంచీ మీరు అంటున్నాడు. ఎన్ని తిట్లు తిట్టినా రాని వణుకు ఆ మర్యాదకి వచ్చింది. సాయంత్రాలు ఇంటికొచ్చేవాడు. ఇల్లంటే కంపెనీ ఇచ్చిన రెండు గదులు, లాండ్రీ వెనక వరసలో, చెల్లీ అక్కడే ఉండేది. తలుపు కొట్టి, రమ్మనేదాకా ఆగి, కుర్చీ అంచు మీద కూర్చునేవాడు. ఆమె భర్త కంపెనీ వ్యాను నడుపుతాడు. ఆయన్ని బండి ఎలా ఉందని, బ్రేకులు సరిగా పడుతున్నాయా అని అడిగేవాడు. గోడల వైపు చూసి, వీటికి రంగు వేయించాలి, మీరింకా చాలా కాలం ఉంటారు కదా అనేవాడు. ఏ మాటకీ పట్టుకోవడానికి పిడి ఉండదు. ఎవరికైనా చెప్పినా పాపం మంచివాడే కదమ్మా అంటారు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, తనంతట తానే వెళ్ళింది, అంత తొందరేమిటో దానికి, అనేవాడు. ఆ మాట తిరిగి చెప్పమని ఎప్పుడూ అడగలేదు. పాఠం అప్పజెప్పించుకునే పంతులు పిల్ల నోటివైపు చూసినట్టు అక్క నోటివైపు చూసేవాడు, అంతే. అతను వెళ్ళాక భర్త లేచి ఆ కుర్చీని గోడ వైపు తిప్పి పెట్టేవాడు. చెప్పొద్దని ఆయనా అనలేదు, చెప్పమనీ అనలేదు. ఇద్దరి పనీ పోతుంది, గదులూ పోతాయి, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసిన సంగతి మళ్ళీ మాట్లాడుకోవడం దేనికని వండినది వడ్డించుకుని తినేవారు.

పైన పంకా తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా ఒకచోట తగిలి చప్పుడు చేస్తోంది. తగిలి, ఆగినట్టే ఆగి, మళ్ళీ తగులుతోంది. డ్రమ్ము కూడా ఇలాగే ఖాళీగా ఉంటే ఒక చప్పుడు, నిండితే ఒక చప్పుడు, దుప్పట్లు మెలిపడితే ఇంకో చప్పుడు చేసేది. ఆసుపత్రుల దుప్పట్లు పొడవు. వేడికి తాళ్ళలా పెనవేసుకుని డ్రమ్ము వెనక భాగంలో ముద్దలా ఇరుక్కుపోయేవి. అప్పుడు ఎవరో ఒకరు లోపలికి పాకి వెళ్ళి చేత్తో విడదీసుకురావాలి. లోపల చీకటి. ఇనుము ఇంకా కాగుతూనే ఉంటుంది. చెల్లి సన్నం కాబట్టి ఎప్పుడూ చెల్లే వెళ్ళేది. లోపలికి వెళ్ళే మనిషి యంత్రం తాళంచెవి తీసి తన జేబులో వేసుకోవాలని గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. తాళం తీస్తే యంత్రం చల్లారిపోతుంది, మళ్ళీ కాగేసరికి పొద్దు వాలుతుంది, తాళం ముట్టుకోవద్దని దూది చెప్పాడు. రాసింది గోడ, చెప్పింది దూది. జీతం ఇచ్చేది గోడ కాదు కదా అని వదిన అనేది. స్విచ్చేమో డ్రమ్ము అవతలి వైపు. అక్కడ నిలబడే పెద్దాయనకు ఇటువైపు తలుపు కనబడదు.

మొదటిసారి లోపలికి వెళ్ళినప్పుడు చెల్లికి ఊపిరాడలేదు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండక్కా, గొంతు వినబడుతుంటే చాలు అంది. ఏం మాట్లాడాలో అక్కకు తోచలేదు. చిన్నప్పటి నుంచీ తడుముకోకుండా వచ్చేది ప్రార్థన ఒకటే, అదే మొదలుపెట్టింది. డ్రమ్ము తలుపు అంచు మీద చెయ్యి వేసి, ప్రభువా, నా చెల్లి లోపల ఉంది, నువ్వూ లోపల ఉండు అంది. అప్పటి నుంచి అదే అలవాటైంది. చెల్లి లోపల ఉన్నంతసేపూ అక్క గట్టిగా ప్రార్థన చేస్తుంది, చెల్లి బయటికొచ్చి నిలబడ్డాక ఆమెన్ అంటుంది. ఆమెన్ వినబడ్డాకే పెద్దాయన స్విచ్ వేస్తాడు. ఆయన ఏ దేవుణ్ణీ కొలిచే రకం కాదు. అయినా ఆ షెడ్డులో ఆమెన్ కోసం ఆయనంత శ్రద్ధగా చెవి ఒగ్గినవాళ్ళు లేరు. దుప్పట్లు బాగా మెలిపడిన రోజున ప్రార్థించడానికి సంగతులు అయిపోయేవి. అప్పుడు వదిన మోకాలి కోసం, పెద్దాయన దగ్గు కోసం, దుప్పట్ల మీద కాఫీ ఒలకబోసుకునే హోటలు మనుషుల బుద్ధి కోసం ప్రార్థించేది. దేవుడికి మన లాండ్రీ గురించి ఇంత వివరంగా ఇంకెవరూ చెప్పి ఉండరక్కా అని లోపల్నుంచి చెల్లి. అప్పుడే ఆమెన్ అనకు, ఇంకో దుప్పటి ఉంది అని మళ్ళీ చెల్లి. ఆ గొంతు ఇనుములో తగిలి రెండు మూడు గొంతుల్లా వినబడేది. నా మోకాలి సంగతి ఇవాళ చెప్పావా లేదా అని మడతల బల్ల దగ్గర్నుంచి వదిన అరిచేది.

ఒకరోజు పెద్ద హోటలు వాళ్ళు పని చూడటానికి వచ్చారు. ఆ ప్రార్థన విని వాళ్ళలో ఒకతను, మీ యంత్రాలు దేవుడి మీద నడుస్తున్నాయా, కరెంటు లేదా అన్నాడు. అందరూ నవ్వారు, దూదీ నవ్వాడు. వాళ్ళు వెళ్ళాక అక్క వెనక వచ్చి నిలబడ్డాడు. మెడ మీద చల్లగా తగిలింది. దేవుడంటే నాకూ గౌరవమే, ఇంటి దగ్గర చేసుకో, ఇక్కడ ఇంకోసారి వినబడితే ఇద్దరూ వేరేచోట పని వెతుక్కోవాలి అన్నాడు. మామూలుగా, దారి చెప్పినట్టు చెప్పాడు. ఆ మర్నాటి నుంచి అక్క తలుపు అంచు మీద చెయ్యి వేసి పెదవులు మాత్రం కదిపేది. పెద్దాయన ప్రతిసారీ చుట్టూ తిరిగొచ్చి, ఆమె నిలబడి ఉందో లేదో చూసి వెళ్ళేవాడు. దూది అదీ చూశాడు, నడకలకే పొద్దంతా పోతోందని మానిపించాడు. ఆ రోజు దుప్పట్లు మెలిపడ్డాయి. నువ్వు వెళ్ళు, సన్నగా ఉన్నావు అని చెల్లితో అన్నాడు దూది. అక్క ఈ ట్రాలీ అవతలి షెడ్డులో ఇచ్చి వస్తుంది అన్నాడు. అక్క కదల్లేదు. చెల్లి అప్పటికే చేతులకు గుడ్డ చుట్టుకుంటోంది. "వెళ్ళిరా అక్కా, లోపల నేనే చెప్పుకుంటాలే" అంది. గొంతు తగ్గించి అంది. వదిన మడతల బల్ల దగ్గర ఇటువైపు తిరిగే నిలబడి ఉంది, అంతా వింది. అక్క ట్రాలీ తోసుకుంటూ వెళ్ళింది. డ్రమ్ము అవతల పెద్దాయన చెవి ఒగ్గి ఉంటాడు. గొంతు లేదు. గొంతు లేదంటే లోపల మనిషి లేదనుకుని స్విచ్ వేసి ఉంటాడు. ఆ తర్వాతది అక్క మనసు చూపించదు. ట్రాలీ చక్రాల్లో ఒకటి వంకరగా తిరిగేది. ఎంత వెనక్కి వెళ్ళినా ఆ చక్రం మాత్రమే కనబడుతుంది, నేల మీద తడి గీత గీసుకుంటూ.

ఆ తర్వాత పాస్టరుగారు వచ్చారు. వయసు మళ్ళిన మనిషి. వాక్యం చదవబోయి, చదవలేక, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన చేసిన ప్రార్థన పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినబడింది. ఆదివారాలు అక్క సంఘానికి వెళుతూనే ఉంది. అందరూ లేచినప్పుడు లేచింది, కూర్చున్నప్పుడు కూర్చుంది, పాటలకు నోరు కదిలింది. సాయంత్రం తలుపు చప్పుడైతే మాత్రం చేతిలో పని ఎక్కడిదక్కడ ఆగిపోయేది. ఈ భయం తీసెయ్యి ప్రభువా అని ఒక్కటే అడిగింది. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు పనికొచ్చేవీ పనికిరానివీ ఒకే బండిలో వేసేసినట్టు ఆయన అన్నీ తీసుకుపోయి భయాన్ని ఒక్కదాన్ని మరచిపోయాడేమో అనిపించింది. అలా అనిపించినందుకు తప్పు చేసినట్టు కూడా అనిపించలేదు.

గది తలుపు తెరుచుకుంది. మడతల బల్ల దగ్గర పనిచేసే ఆవిడ రావాలమ్మా అని అటెండరు పిలిచాడు. వదిన లేచింది. వరసంతా ఒక్కసారి ఎగిరిపడి నిలిచింది. దూది సీసా చంకలో పెట్టుకుని ముందుగా లోపలికి నడిచాడు. వదిన రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. "అక్కా, నేను లోపల ఉన్నంతసేపూ..." అంది. ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది.

అక్క ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏమీ దొరకదని ఇన్నాళ్ళకు తెలిసిపోయింది. లేచి, ఓరగా ఉన్న ఆ తలుపు దగ్గరికి వెళ్ళి, చట్రం మీద చెయ్యి వేసింది. "ప్రభువా, వదిన లోపలికెళ్ళింది. నువ్వూ వెళ్ళు." గొంతు గరగరలాడింది. పైకి పలికి చాలా కాలమైంది. వదిన మోకాలి సంగతి చెప్పింది. అక్కడ కుర్చీ ఎత్తుగా ఉంటే కాలు వేలాడుతుంది, వేలాడితే నొప్పి అని చెప్పింది. అడిగే ఆవిడకు జలుబు చేసినట్టుంది, తుమ్ములు వినబడుతున్నాయి, ఆవిడకీ కాస్త నయం చెయ్యమంది. వరండాలో వాళ్ళు తలలు తిప్పి చూశారు. మెల్లగా అమ్మా అన్నాడు అటెండరు, పెద్ద పట్టుదల లేకుండానే. అప్పుడు తలుపు సందులో దూది కనబడ్డాడు. రెండు వేళ్ళతో తలుపు పట్టుకుని, మెత్తగా అన్నాడు. "అక్కా, ఇది ఆఫీసు. ఇక్కడ కూడానా?"

గొంతు ఆగింది. అదే అలవాటుగా ఆగింది, స్విచ్ తీసినట్టు. ఆగగానే వరండాలో పంకా చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం అక్కకు తెలుసు. అది పుట్టిన చోటు తెలుసు, అందులో ఏం జరుగుతుందో తెలుసు. కాళ్ళు వణికాయి, వణుకుతున్నాయని చూసింది. వణకనీ అనుకుంది. కళ్ళు మూసుకోకుండా, అతని ముఖం వైపే చూస్తూ మళ్ళీ మొదలుపెట్టింది. "ప్రభువా, సూపర్‌వైజర్‌గారు తలుపు దగ్గర నిలబడ్డారు. పాపం ఆయన కాళ్ళు నొప్పెడతాయి. లోపలికెళ్ళి కూర్చోమని చెప్పు." అటెండరు దగ్గినట్టు చేసి అటు తిరిగాడు. లోపల్నుంచి తుమ్ముల మధ్య ఆడగొంతు, తలుపు వెయ్యండి, ఆవిణ్ణి ఏమీ అనకండి అంది. తలుపు మూసుకుంది. అక్క మూసిన తలుపుతోనే చెబుతూ పోయింది.

అక్క మనసులో వెచ్చదనమేదీ పుట్టలేదు. కన్నీళ్ళు రాలేదు. మాటలు ఎండిన గుడ్డల్లా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అయినా డ్రమ్ము దగ్గర మాత్రం ఏం ఉండేదని? రేపటి దుప్పట్ల గురించి, బియ్యం గురించి ఆలోచిస్తూ ఎన్నిసార్లు ప్రార్థించలేదు. చెల్లి ఒక్కసారైనా నీ మనసు ఇందులో ఉందా అక్కా అని అడిగిందా? గొంతు వినబడితే చాలంది. లోపల చీకట్లో ఉన్న మనిషికి వినబడటానికి చేసేది అది, చేస్తున్న మనిషికి హాయిగా ఉండటానికి కాదు. ఇన్ని ఆదివారాలు ఆ హాయి కోసం ఎదురుచూసి, రాలేదు కాబట్టి దేవుడూ లేడనుకున్నట్టుంది. ఆయన అక్కడే ఉన్నాడేమో, మాట్లాడటం ఆపింది తనేనేమో. అలా అని మనసు పెద్దగా కదిలిందని కాదు. దుప్పటి అంచు దొరికినట్టయింది, అంతే. అంచు దొరికితే మిగతాది లాగొచ్చు.

వదిన బయటికొచ్చింది. అక్క ఆమెన్ అంది. వదిన తలెత్తలేదు. అటువైపు తిరిగి ఉన్నాను, ఏమీ వినలేదని చెప్పాను, ఈ మోకాలితో నాకు ఇంకెవరు పనిస్తారక్కా అంది. చెప్పి, కొట్టమన్నట్టు నిలబడింది. కోపం రావలసిన చోట అక్క వెతికి చూసుకుంది. అక్కడా ఏమీ లేదు, కానీ ఇందాకటి ఖాళీ కాదు ఇది. ప్రభువుతో కడదాకా వస్తానన్న శిష్యుడు కూడా, ఆయన్ని పట్టుకుపోయిన రాత్రి చలిమంట దగ్గర, ఆయనెవరో నాకు తెలియదన్నాడు. ఆయన వాణ్ణి వదిలెయ్యలేదు. ఆ రోజున ఆయన కూడా ఇలాగే ఒక గదిలో, జవాబు ముందే తయారుగా పెట్టుకుని అడిగేవాళ్ళ ముందు ఒక్కడే నిలబడ్డాడు. "కూర్చో వదినా, నిలబడితే నొప్పెక్కువవుతుంది" అంది అక్క. నన్నుండమంటావా, వెళ్ళిపొమ్మంటావా అని వదిన అడిగింది. ఉండమంది.

తర్వాత అక్కను పిలిచారు. లోపల గది చిన్నది. బల్ల వెనక అధికారిణి, ముక్కు ఎర్రగా, చేతిలో రుమాలు. పక్కన టైపు చేసే మనిషి. గోడ వైపు దూది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. ఎవరు, ఏం పని, ఎన్నాళ్ళ నుంచి అని అడిగాక, అధికారిణి రుమాలు పక్కన పెట్టి ఆ ఒక్క మాటా అడిగింది. మీ చెల్లెలు డ్రమ్ములోకి తనంతట తానే వెళ్ళిందా? అక్క నోరు తెరిచింది. దూది ఆమె నోటివైపు చూస్తున్నాడు, గుమ్మంలో నిలబడి చూసినట్టే. నాలుక మీద అతను పెట్టిపోయిన మాటే ఉంది, అన్ని సాయంత్రాలూ వినీ వినీ అరిగి నునుపెక్కి, బయటికి జారడానికి సిద్ధంగా. అప్పుడు తలుపు అవతల్నుంచి వినబడింది. వదిన గొంతు. పదిమందిలో ఎన్నడూ ప్రార్థించని మనిషి, నాకు మాటలు కుదరవమ్మా అని ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే మనిషి. "ప్రభువా... అక్క లోపల ఉంది... ప్రభువా... అక్క లోపల ఉంది..." ఇంకేం చెప్పాలో తెలియక అదే చెబుతోంది, ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, మళ్ళీ అదే.

ఇదన్నమాట చెల్లి విన్నది. చీకట్లో, కాగిన ఇనుము మధ్య, చేతులకు గుడ్డ చుట్టుకుని. ఇన్నాళ్ళూ తను తలుపు బయటే ఉంది కాబట్టి తెలియలేదు. గొంతు ఎంత దూరం నుంచి వస్తుందో, ఎంత దగ్గరగా తగులుతుందో.

"లేదండీ, పంపితే వెళ్ళింది. ఈయన పంపారు" అంది అక్క.

టైపు చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. "అక్కా, నువ్వు దుఃఖంలో ఉన్నావు. ఆలోచించి మాట్లాడు" అన్నాడు దూది, ఎప్పటిలా మెత్తగా. మళ్ళీ నువ్వులోకి వచ్చాడు. ఎందుకో అక్కకు కాస్త తేలికనిపించింది. ముసుగు తీసిన కుర్చీ మామూలు కుర్చీయే అయినట్టు. "ఆలోచించే చెబుతున్నానండీ" అంది. గోడ మీద ఎర్ర అక్షరాల గురించి చెప్పింది. తాళం ముట్టుకోవద్దని ఎవరన్నారో, ప్రార్థన వినబడకూడదని ఎవరన్నారో, ట్రాలీ ఎటు పంపారో చెప్పింది. స్విచ్ దగ్గరి పెద్దాయన తప్పేమీ లేదండీ, ఆయన ఆమెన్ కోసం చూసేవాడు అంది. అధికారిణికి అది అర్థం కాలేదు. యంత్రానికీ ఆమెన్‌కీ ఏమిటి సంబంధం అని అడిగింది. అక్క మొదటి నుంచి చెప్పుకొచ్చింది, హోటలు వాళ్ళ కాఫీ మరకలతో సహా. గొంతులో ఎత్తూ పల్లం లేదు. అధికారిణి రుమాలు తీసుకోవడం మరచిపోయి వింది. పూర్తయ్యాక, మీరు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు కదా అని అడిగింది. ఇవాళ్టి దాకా అండీ, అంది అక్క.

బయటికొస్తే వదిన ఆమెన్ అనడం మరచిపోయి ఆమె చెయ్యి పట్టుకుంది. అక్క ఆ చెయ్యి కాసేపు పట్టుకుని ఉండి, విడిపించుకుని మెట్లు దిగింది. ఎండ బాగా కాస్తోంది. గేటు దగ్గర వ్యాను నీడలో భర్త నిలబడి ఉన్నాడు. చెప్పాను అంది. ఆయన తల పంకించి, వ్యాను తాళాలు ఒకసారి చేతిలో తూచినట్టు చూసుకుని, దూదికి ఇచ్చెయ్యడానికి లోపలికెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఈలోగా అక్క గోడ వారన గట్టు మీద కూర్చుండిపోయింది. ఆయన పక్కన కూర్చున్నాడు.

"భయంగా ఉందా?"

"ఉంది."

"లోపల కూడానా?"

"లోపల కూడా ఉంది. దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే చెప్పాను."

గదులు ఖాళీ చెయ్యమంటారు అన్నాడు. అంటారు అంది. రేపే అనొచ్చు, ఇవాళే సర్దుకోవడం మొదలుపెడదాం, పెద్దగా ఏముంది అన్నాడు. వీధిలో బండ్లు పోతున్నాయి. ఎవరో నవ్వుకుంటూ దాటి వెళ్ళారు. ఆమె ఊపిరి ఒకసారి లోపలికి వెళ్ళి, మధ్యలో ఎక్కడో తట్టుకుని, చిన్న ముక్కలుగా బయటికొచ్చింది.

"చెల్లి దిండు గలేబు ఇంకా ఉతకలేదు" అంది.

"తెలుసు" అన్నాడు ఆయన. అంతవరకూ ఆయనకు తెలియదనే ఆమె అనుకుంది. ఊరందరి దుప్పట్లూ ఉతికిన చేతులు ఆ ఒక్క గలేబూ ముట్టుకోలేకపోవడం, పొద్దున్నే ఆయన చూడకుండా ఆ దిండుకు ముఖం ఆనించడం, ఏదీ ఆయనకు తెలియదనుకుంది. రోజులు గడిచేకొద్దీ అందులో చెల్లి వాసన తగ్గిపోయి ఇప్పుడు తన కంటి తడీ ముక్కు తడీ మాత్రమే మిగిలిందేమో. ఆమె ముఖం ముడతలు పడింది. ఏడుపు మొదట ఎవరిదోలా వచ్చింది, తర్వాత తనదయింది. ఆయన ఆపమనలేదు. ఏడవడం అయ్యాక, అరచేతుల్తో ముఖం తుడుచుకుని ఆకాశం వైపు చూసింది.

"పదండి" అంది. "ఎండ ఉండగానే ఉతికి ఆరేస్తాను."